పెద్దలారా, మీ ఐకమత్యానికి జోహార్లు

రేపల్లె దాటి పెనుమూడి దగ్గర కృష్ణ వారధి ఎక్కితే అవతల దివిసీమ. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువును శతకం పొడుగునా నిందాస్తుతితో నిలదీసిన కాసుల పురుషోత్తమ కవిది ఆ సీమే. ఆయన స్వామిని పొగుడుతూనే కడిగేశాడు. నమ్మకం లేక కాదు, నమ్మకం ఉండబట్టే కడిగాడు. ఆ దారిలోనే మన రాజకీయ పెద్దలను కాసేపు పొగడదలుచుకున్నాను. టిక్కెట్ల జాబితా రాసేవాళ్ళు, మైకు ముందు గొంతు చించుకునేవాళ్ళు, వాళ్ళ వెనక కూర్చుని చప్పట్లు కొట్టేవాళ్ళు, అందరూ ఇందులోకే వస్తారు. చెప్పబోయే ప్రతి పొగడ్తా నిజం. కల్పించి పొగడాల్సిన అవసరం మీరు ఎవరికీ రానివ్వలేదు.

ముందుగా మీ ఐకమత్యం. నీళ్ళ దగ్గర పోట్లాడుకున్నారు, రాజధాని దగ్గర పోట్లాడుకున్నారు, పథకాల పేర్ల దగ్గర పోట్లాడుకున్నారు, పంచాయతీ భవనాలకు వేసిన రంగుల మీద కోర్టుకెక్కారు. 2014లో రాష్ట్రమే రెండయింది. ఇన్ని తగవుల్లోనూ ఒక్క విషయంలో మాత్రం మీలో ఎవరూ గీత దాటలేదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాటి నుంచి, హైదరాబాదు నుంచి ఏలినా అమరావతి నుంచి ఏలినా, కాంగ్రెస్ అయినా తెలుగుదేశం అయినా వైఎస్సార్ కాంగ్రెస్ అయినా, అటు తెలంగాణలో ఎవరు గెలిచినా, ముఖ్యమంత్రి కుర్చీలో ఒక్క మహిళను కూర్చోబెట్టలేదు. 2019లో ఐదుగురిని ఉపముఖ్యమంత్రులను చేసినప్పుడు ఒక్క కుర్చీ పుష్పశ్రీవాణి గారికి దక్కింది. ఆ ఒక్క మెట్టు దగ్గరే ఆగింది వ్యవహారం. ఇంత కట్టుదిట్టంగా అన్ని పార్టీలూ కలిసి నిలబెట్టుకున్న ఒప్పందం మన రాజకీయాల్లో మరొకటి లేదు. కాగితం మీద రాసుకోకుండానే నిలబెట్టుకున్నారు, అది ఇంకా గొప్ప.

ఇరుగుపొరుగు వాళ్ళకు ఈ నిగ్రహం లేకపోయింది. ఒడిశాలో 1972లోనే నందినీ శతపథి ముఖ్యమంత్రి అయ్యారు. తమిళనాడులో 1988లో జానకి, 1991లో జయలలిత. సముద్రం అవతల శ్రీలంకలో సిరిమావో బండారనాయకే 1960లోనే ప్రధాని అయ్యారు. ప్రపంచంలో ఆ పదవి ఎక్కిన మొదటి మహిళ ఆవిడే. మన సంగతి చూడండి. 1980లో ఇందిరా గాంధీ రెండు చోట్ల గెలిచి మెదక్ స్థానాన్నే ఉంచుకున్నారు. అంటే తెలుగు ఓటరు ఒక ఆడమనిషిని ప్రధానమంత్రిగా ఢిల్లీలో కూర్చోబెట్టిన వాడే. అదే ఓటరు తన రాష్ట్రంలో ఒక ఆడమనిషి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తుంటే చూసే రోజు ఇంతవరకూ రాలేదు. దాన్ని రాకుండా ఆపిన ఘనత మీది. ఓటరుది కాదు.

ఓటరుది కాదని ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, తెనాలి, బాపట్ల, రేపల్లె, మా ఈ మూడు ఊళ్ళ లెక్క నా ముందుంది.

తెనాలి శాసనసభ స్థానాన్ని తీసుకోండి. దొడ్డపనేని ఇందిర గారు 1967లో గెలిచారు, 1972లో గెలిచారు. 1978లో రాష్ట్రమంతా ఇందిరా కాంగ్రెస్ గాలి వీచి 175 స్థానాలు ఆ పార్టీకి వెళ్ళిపోతే, తెనాలి మాత్రం ఆ గాలికి ఎదురు నిలిచి జనతా పార్టీ అభ్యర్థిగా నిలబడిన తమ ఇందిరనే మూడోసారి గెలిపించుకుంది. పార్టీ మారినా మనిషిని చూసి ఓటేశారు. ఆడమనిషి గదా, గాలికి నిలబడుతుందా అని తెనాలి అనుకోలేదు. తర్వాత 1999లో గోగినేని ఉమ గారిని గెలిపించింది. ఇప్పుడు బాపట్లకు రండి. 2004లో లోక్‌సభకు పురందేశ్వరి గారు కాంగ్రెస్ తరఫున నిలబడ్డారు. ఎదురుగా ఉన్నది ఎవరు? సిట్టింగ్ ఎంపీ, తెలుగు సినిమాకు మూవీ మొఘల్ అనిపించుకున్న దగ్గుబాటి రామానాయుడు గారు. కారంచేడు మనిషి, చేతికి ఎముక లేదని పేరున్న మనిషి. అంతటి ఆయన మీద ఆవిడ గెలిచారు. 2009లో నియోజకవర్గం ఎస్సీ రిజర్వుడు అయ్యాక పనబాక లక్ష్మి గారిని గెలిపించారు. నెల్లూరు నుంచి వచ్చిన దళిత మహిళను పరాయి మనిషని ఈ నియోజకవర్గం అనలేదు. వరసగా పదేళ్ళు, ఇద్దరు మహిళలు, ఇద్దరూ కేంద్రంలో సహాయ మంత్రులయ్యారు. చీరాల నేతగాళ్ళు, తీరం మత్స్యకారులు, 2009లో రేపల్లె డెల్టా రైతులు కూడా తమ గోడు ఢిల్లీలో ఒక మహిళే వినిపించాలని ఓటేశారు.

ఈ ఓటర్లను నేను మనసారా మెచ్చుకుంటున్నాను. ఇందులో నిందేమీ లేదు. బ్యాలెట్ పెట్టెకూ ఆ తర్వాత వచ్చిన మిషనుకూ ఆడ మగ తేడా ఈ ప్రాంతంలో ఏనాడూ అడ్డు రాలేదు. ఆ తేడా పుట్టే చోటు వేరే ఉంది. టిక్కెట్టు రాసే బల్ల దగ్గర ఒకటి, మాట్లాడే నోటి దగ్గర ఒకటి.

నోటి సంగతికి వస్తే మీ పరిశీలనా శక్తిని ఎంత పొగిడినా తక్కువే. మగ అభ్యర్థి ప్రచారానికి వస్తే తెల్ల చొక్కా, తెల్ల పంచె లేదా ప్యాంటు, మెడలో కండువా. నలభై ఏళ్ళుగా అదే వేషం, ఎవరి కంటికీ ఆనదు. మహిళా అభ్యర్థి వ్యాను మీదికి ఎక్కగానే మీ కళ్ళకు సూక్ష్మదృష్టి వస్తుంది. చీర నేతదా సిల్కా, జాకెట్టు చేతులు ఎంతవరకు ఉన్నాయి, బొట్టు పెట్టిందా లేదా, పెడితే ఎంత పెట్టింది, జుట్టు ముడేసిందా వదిలేసిందా, నవ్వితే ఎందుకు నవ్వింది, నవ్వకపోతే పొగరా. హారతి పళ్ళెంలో నోటు ఏ చేత్తో వేసిందో కూడా మీ కార్యకర్తలు గమనిస్తారు. ఆవిడ చేతిలో ఉన్న కాగితంలో కృష్ణా కాలువల చివరి భూములకు నీళ్ళ గురించి ఏం రాసుందో చెప్పమంటే ఒక్కరికీ గుర్తుండదు.

ఈ దృష్టికి ఎంత పెద్ద గౌరవం దక్కిందో 2024లో రాష్ట్రమంతా చూసింది. ఏప్రిల్ 25న పులివెందులలో నామినేషను వేసిన రోజు, అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి గారు బహిరంగసభలో చెల్లెలు షర్మిల కట్టుకున్న పసుపు చీర ఊసెత్తారు. షర్మిల అప్పటికి రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షురాలు, కడప లోక్‌సభ అభ్యర్థి. ఆమెను విమర్శించడానికి రాజకీయంగా కావలసినంత సరుకు ఉంది. 2021లో తెలంగాణలో పార్టీ పెట్టారు, అక్కడే ఉంటానన్నారు, 2024 జనవరిలో దాన్ని కాంగ్రెస్‌లో కలిపి ఆంధ్రకు వచ్చారు. ఎందుకు వచ్చారు, ఎవరి మేలు కోసం వచ్చారు అని గంటసేపు నిలదీయొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. అంత సరుకు చేతిలో ఉండి కూడా చీర రంగు దగ్గరికి వెళ్ళారంటే, ఆ చీర మాటకు చప్పట్లు పడతాయని తెలుసు కాబట్టే. వేలమంది ముందు సొంత చెల్లెలి చీర గురించా మాట్లాడేది అని ఆవిడ అడిగారు. ఆ ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబు చెప్పినట్టు నేను చూడలేదు. అంతకు ముందు, 2019 జనవరిలో, తన మీద సామాజిక మాధ్యమాల్లో అల్లిన అసభ్యపు కథల మీద ఆవిడే హైదరాబాదు పోలీసు కమిషనర్ దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చుకోవలసి వచ్చింది. అప్పటికి ఆవిడ ఏ ఎన్నికలోనూ అభ్యర్థి కాదు. అన్న పార్టీకి ప్రచారం చేస్తున్న మనిషి, అంతే.

మరి మీ క్షమాగుణం? దానికీ మా తెనాలే సాక్ష్యం. 2024 మే 13న, పోలింగ్ రోజు, సిట్టింగ్ ఎమ్మెల్యే ఒకాయన బూత్ దగ్గర క్యూలో ఉన్న ఓటరు చెంప మీద కొట్టడం, ఆ ఓటరు తిరిగి ఆయన చెంప మీద కొట్టడం, ఆ వీడియో దేశమంతా తిరిగింది. తప్పన్నారు, కేసన్నారు, ఓటరు పౌరుషాన్ని మెచ్చుకున్నారు. బాగానే ఉంది. కానీ ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఏ టీవీ చర్చలోనూ, ఏ టీ కొట్టు దగ్గరా, ఒక్క నోటి నుంచి కూడా ఈ మాట రాలేదు: మగవాళ్ళకు ఆవేశం ఎక్కువ, వాళ్ళు రాజకీయాలకు పనికిరారు. ఒక మగవాడి తప్పు ఆ ఒక్క మనిషి ఖాతాలోనే పడింది. అలాగే పడాలి కూడా. ఇదే చెయ్యి ఒక మహిళా ఎమ్మెల్యేది అయ్యుంటే ఏమయ్యేదో తెనాలి గాంధీ చౌక్‌లో నిలబడి ఎవరినైనా అడగండి. ఇందుకే ఆడవాళ్ళకు పదవులు ఇవ్వకూడదన్న తీర్పు సాయంత్రం లోపే వచ్చేసేది. ఇంకో పాతికేళ్ళ దాకా టిక్కెట్టు అడగబోయిన ప్రతి ఆడమనిషికీ ఆ వీడియోనే చూపించేవాళ్ళు.

నేరం పంచిపెట్టడంలో మీ ఉదారత ఇంకా గొప్పది. అధికారం పంచేటప్పుడు ఆడవాళ్ళు గుర్తు రారు గాని, నింద పంచేటప్పుడు మొదటి విస్తరి వాళ్ళకే. 1995 ఆగస్టు గుర్తుందా? వైస్రాయ్ హోటల్లో తెలుగుదేశం ఎమ్మెల్యేలు చేరారు. ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు గారి మీద మాకేమీ లేదు, అంతా ఆయన భార్య లక్ష్మీపార్వతి వల్లే అన్నారు. దుష్టశక్తి అనే మాట ఆ రోజుల్లో ఆంధ్రదేశమంతా ఆవిడకు పేరుగా చెలామణి అయింది. పార్టీ వ్యవహారాల్లో ఆవిడ జోక్యం ఎంత, అందులో తప్పెంత అన్నది వేరే చర్చ, చేసుకోవచ్చు. నాకు కనపడేది ఒకటే. ఆవిడ అప్పటికి మంత్రి కాదు, ఎమ్మెల్యే కూడా కాదు. 1996 ఉప ఎన్నికలో పాతపట్నం నుంచి గెలిచేదాకా ఆవిడకు చట్టసభలో కుర్చీయే లేదు. సంతకం చేసే అధికారం ఉన్న మగవాళ్ళు, ఓటు వేసే అధికారం ఉన్న మగవాళ్ళు కలిసి ఒక ముఖ్యమంత్రిని దింపి ఇంకొకరిని ఎక్కించారు. ఆ పనిని తమ పనిగా ఒప్పుకునే ధైర్యం చాలక ఒక ఆడమనిషి పేరు మీద రాసేశారు. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ రాత ఇంకా చెరగలేదు.

ఇది పాత కథ అనుకుంటే కొత్తది చెబుతాను. 2024 జూన్‌లో ఏర్పడిన ప్రభుత్వంలో హోంశాఖ వంగలపూడి అనిత గారికి ఇచ్చారు. టీచరు ఉద్యోగం వదులుకుని రాజకీయాల్లోకి వచ్చిన దళిత మహిళ, ఎవరి వారసత్వమూ కాదు. సంతోషించాం. అదే శాఖల పంపకంలో శాంతిభద్రతలు మాత్రం ముఖ్యమంత్రి తన దగ్గరే ఉంచుకున్నారు. నవంబరులో పిఠాపురం సభలో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు, ఆడపిల్లల మీద జరుగుతున్న అఘాయిత్యాలకు హోంమంత్రి బాధ్యత తీసుకోవాలని, తాను హోంశాఖ తీసుకుంటే పరిస్థితి వేరేగా ఉంటుందని అందరి ముందూ అన్నారు. ఆడపిల్లల గురించి ఆయన ఆవేదన నిజమైనదే కావచ్చు. శాంతిభద్రతల శాఖ ఎవరి చేతిలో ఉందో ఆయనకు తెలియదా? ఆ పేరు ఎత్తలేదు. తాళం ఒకరి దగ్గర, దొంగతనం నింద ఇంకొకరి మీద. ప్రతిపక్షం తన వంతుగా ఆవిణ్ణి డమ్మీ మంత్రి అంది. అంతకు ముందు హోంమంత్రులుగా చేసిన మేకతోటి సుచరిత గారిని, తానేటి వనిత గారిని, ప్రతిపక్షంలో ఉండగా తెలుగుదేశం వాళ్ళు అన్న మాట కూడా అదే. ఆ ఇద్దరూ దళిత మహిళలే. పార్టీలు మారినా మాట మారలేదు. మీ ఐకమత్యాన్ని ఇందాకే పొగిడాను కదా, ఇక్కడ మళ్ళీ పొగడాలి.

కుటుంబం మీద మీకున్న గౌరవం చెప్పనలవి కాదు. మహిళా అభ్యర్థిని వేదిక మీద పరిచయం చేసే తీరు గమనించండి. ఫలానా వారి కూతురు, ఫలానా వారి కోడలు, ఫలానా వారి సతీమణి, ఈ మూడు మెట్లు దిగాక చివర్లో ఆవిడ పేరు వస్తుంది. కరపత్రం మీద తండ్రి బొమ్మో భర్త బొమ్మో పెద్దదిగా ఉంటుంది, అభ్యర్థి బొమ్మ పక్కన ఉంటుంది. పురందేశ్వరి గారిని బాపట్లలో ఎన్టీఆర్ కూతురుగానే చూపించారు, చిన్నమ్మ అని పిలిచారు. ఆ పిలుపులో ఆప్యాయత ఉంది, కాదనను. పార్లమెంటులో ఆవిడ హిందీలో, ఇంగ్లీషులో ధాటిగా మాట్లాడితే దక్షిణాది సుష్మా స్వరాజ్ అన్నారు. మంచి వక్తను వక్త అనడానికి ఇంకో మహిళ పేరు తోడు తెచ్చుకోవలసి వచ్చింది. పనబాక లక్ష్మి గారు నెల్లూరు నుంచి మూడుసార్లు గెలిచి, కేంద్రంలో మంత్రిగా చేసి బాపట్లకు వచ్చినా, వెనక ఉండి నడిపేది భర్తే అనే మాట ఆవిణ్ణి వదల్లేదు. భర్త వెనక ఉండటం ఆడవాళ్ళకు లోపం. భార్య వెనక ఉండి ఇల్లు, పొలం, పిల్లలు, అప్పులు అన్నీ చూసుకుంటే తప్ప ఒక్క రోజు కూడా ప్రచారానికి వెళ్ళలేని మగ నాయకులకు అది లోపం కాదు.

ఇంట్లో చావు జరిగినప్పుడు మాత్రం మీకు ఆడవాళ్ళ సమర్థత వెంటనే గుర్తొస్తుంది. వైఎస్ పోయాక పులివెందులకు విజయమ్మ గారు కావలసి వచ్చారు. శోభా నాగిరెడ్డి ప్రమాదంలో పోయాక ఆళ్ళగడ్డకు కూతురు అఖిలప్రియ కావలసి వచ్చారు. వాళ్ళు గెలిచారు, పని చేశారు. వాళ్ళ దుఃఖాన్ని నేను తక్కువ చేయను. ఊళ్ళో ఇరవై ఏళ్ళు జెండా మోసిన మామూలు కార్యకర్తకు, ఇంట్లో ఎవరూ చనిపోకుండానే, ఆడమనిషి అయినందుకు కాకుండా అర్హత ఉన్నందుకు టిక్కెట్టు దొరికే దారి ఎక్కడుంది? ఆ దారి వెయ్యమంటున్నాను.

ఇక మీ ఓర్పు. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లు ఇచ్చే బిల్లు 1996 సెప్టెంబరులో మొదటిసారి లోక్‌సభ ముందుకు వచ్చింది. చించారు, విసిరారు, వాయిదా వేశారు. 2010లో రాజ్యసభ దాటి ఆగిపోయింది. చివరికి 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. అయితే జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలన్నారు. అందుకే 2024 ఎన్నికలకు వర్తించలేదు. సరే, చట్టం వర్తించలేదు. టిక్కెట్టు ఇవ్వడానికి రాజ్యాంగ సవరణ కావాలా? బీఫారం మీద సంతకం పెట్టే చెయ్యి మీదే. చట్టానికి చేతులెత్తిన ఎనిమిది నెలలకే ఎన్నికలు వచ్చాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె శాసనసభ స్థానాలు మూడింటిలో, బాపట్ల లోక్‌సభ స్థానంలో, ఇటు తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి తరఫున గాని అటు వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గాని ఒక్క మహిళ లేరు. రెండు పక్షాలవీ కలిపి ఎనిమిది టిక్కెట్లు, ఎనిమిదీ మగవాళ్ళకే. గెలిచినవాళ్ళలో తెనాలి నుంచి నాదెండ్ల మనోహర్ గారు పౌరసరఫరాల మంత్రి అయ్యారు, రేపల్లె నుంచి అనగాని సత్యప్రసాద్ గారు రెవెన్యూ మంత్రి అయ్యారు. వాళ్ళ సమర్థత మీద నాకు పేచీ లేదు. దొడ్డపనేని ఇందిర గారిని మూడుసార్లు గెలిపించిన ఊరికి 2004 నుంచి వరసగా ఐదు ఎన్నికల్లో ఒక్క మహిళా ఎమ్మెల్యే లేకపోవడం మీదే నా పేచీ అంతా.

సభకు జనం కావాలంటే మీకు ముందు గుర్తొచ్చేది డ్వాక్రా సంఘాలే. ఎండలో బస్సులు దిగి, ముందు వరసలో కూర్చుని, జెండా ఊపమన్నప్పుడు ఊపేది ఆ అక్కాచెల్లెళ్ళే. స్థానిక సంస్థల్లో సగం సీట్లు వాళ్ళవి. పంచాయతీల్లో, మండలాల్లో పాలన నేర్చుకున్న ఆడవాళ్ళు ఈ మూడు ఊళ్ళ చుట్టూ ఎంతమంది ఉన్నారో మీ పార్టీ ఆఫీసుల్లో ఉన్న పేర్ల పుస్తకాలే చెబుతాయి. మనుషులు లేక కాదు, మీకు మనసు లేక.

మీకు ఇక చెప్పేదేమీ లేదు. మిగిలిన మాట ఓటర్లకు, ముఖ్యంగా ఈ రాష్ట్రంలో మగవాళ్ళ కంటే ఎక్కువగా ఉన్న ఆడ ఓటర్లకు. వచ్చే ఎన్నికల టిక్కెట్లు ఖరారు కాకముందే, మీ ఊరికి వచ్చిన ప్రతి పార్టీ నాయకుణ్ణీ ఒక్క ప్రశ్న అడగండి: తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఏ స్థానం ఏ మహిళకు ఇస్తున్నారు, ఆవిడ పేరేమిటి? పేరు చెప్పేదాకా వదలొద్దు. వేదిక మీద ఎవరైనా మహిళా అభ్యర్థి చీర గురించో, కాపురం గురించో ఎత్తితే, వాళ్ళు మీ పార్టీ మనిషైనా సరే, చప్పట్లు కొట్టకండి. లేచి వెళ్ళిపోండి.